తాళం తప్పిందెవరికి?

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఒక ముసలాయన ఆడించిన తోలుబొమ్మలాటను మా శిష్యుడొకడు ఫోనులో పట్టుకొచ్చాడు. మద్దెల మోతను వేరే రికార్డరులో ఎక్కించాడు. పెనుకొండలో మా ఇంట కూర్చుని చూద్దుము గదా, హనుమంతుడి అడుగు ఒక దారి, మద్దెల దెబ్బ ఒక దారి!

“పెద్దాయనకు తాళం తప్పింది సార్” అన్నాడు. నాకు మనసొప్పలేదు.

విచారిస్తే తేలిందిది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, మన టెలివిజనుకు 25, ఫోనుకు తరచు 30. మనవాడి అసలు వీడియో 30. అది బరువని, కూర్పు కోసం తేలికపాటి నకలు, అంటే ప్రాక్సీ, తీశాడు. దాన్ని 25లో తీశాడు. నకల్లో 1500 ఫ్రేములకు నిమిషం నిండుతుంది. అసలులో 50 సెకన్లకే ఆ లెక్క పూర్తవుతుంది. ఫ్రేముల లెక్కన వేసిన కోత పది సెకన్లు పక్కకు పడింది. మద్దెలకు ఫ్రేములెక్కడివి? అది సెకన్ల వెంటే నడిచింది.

నకలును 30లోనే మళ్ళీ తీయించి, కోతలన్నీ కొత్తగా వేయించాను. హనుమంతుడు తాళానికి ఠంచనుగా అడుగేశాడు.

అసలును అప్పటికే చెరిపేసి ఉంటే? మన నకలు చేసిన తప్పు ఆ పెద్దాయన పేరన శాశ్వతంగా నిలిచిపోయేది!