అవ్వకు ఎన్నేండ్లు?

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు వైపు ఏ ఊరికైనా పోయి అరుగు మీద కూర్చున్న ముసలమ్మను వయసు అడిగి చూడండి. లోపలికి పోయి ఆధార్ కార్డు తెచ్చి చేతిలో పెడుతుంది. దాని మీద పుట్టిన తేదీ చాలాసార్లు జనవరి ఒకటే. ‘‘అది కాదవ్వా, నిజంగ ఎన్నేండ్లు?’’ అంటే ‘‘ఏమో బిడ్డా, రజాకార్ల లొల్లప్పుడు మా అమ్మ సంకల ఉంటినంట’’ అంటుంది. కార్డు లెక్కకూ సంక లెక్కకూ మధ్య ఆరేడేళ్లు తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. ముసలితనం మీద పరిశోధన చేసేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఈ తేడానే. ఎంబీబీఎస్ పుస్తకాల్లో దీనికి జవాబు దొరకదు.

భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబీబీఎస్ విద్యార్థులకు ఎస్‌టీఎస్ పేరుతో రెండు నెలల పరిశోధన అవకాశం ఇస్తోంది. అమెరికాలో 1994 నుంచి అచ్చంగా వృద్ధాప్యం మీదనే వైద్య విద్యార్థులకు వేసవి శిక్షణ నడుస్తోంది, ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. సీట్ల లెక్క చెప్పుకొని మురిసింది చాలు. ఈ కళాశాలలు వేసవి రెండు నెలలను తమ చుట్టూ ఉన్న ముసలివాళ్లకు కేటాయించాలని నా వాదన.

ఇప్పుడు విద్యార్థి పరిశోధన అంటే చాలాచోట్ల హాస్టల్ గడప దాటదు. నిద్ర ఎంతసేపు, ఫోన్ ఎంతసేపు, పరీక్షల భయం ఎంత అని తోటి విద్యార్థులకే ఫారాలు పంచుతారు. ఒక్క మధ్యాహ్నంలో రెండు వందల ఫారాలు నిండిపోతాయి. గైడ్‌కూ సుఖం, పిల్లలకూ సుఖం.

హాస్టల్ గేటు అవతల ఏముందో చూడండి. నల్లగొండ నీళ్లలోని ఫ్లోరైడ్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1955లోనే రాసింది. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి ఈ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. అప్పుడు పదిహేనేళ్లున్న వాళ్లు ఇప్పుడు అరవై ఐదు దాటారు. బతుకంతా బోరునీళ్లు తాగి, ముసలితనం మొదలయ్యే వేళకు నల్లాలో కృష్ణా నీళ్లు చూసిన తరం అది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి వదలదు. నీళ్లు మారాక, ఫ్లోరైడ్‌తో బిగుసుకున్న ఆ తరం వెన్ను ఏమైంది? ఇంకా బిగుసుకుందా, అక్కడే ఆగిందా? ఏ దేశపు పాఠ్యపుస్తకమూ మన తరఫున ఈ ప్రశ్న అడగదు.

పైగా ఇక్కడ యంత్రం కూడా మోసం చేస్తుంది. ముసలివాళ్ల ఎముక పలచబడుతుందని పిల్లలు చదువుకుంటారు. ఫ్లోరోసిస్ ఉన్న వెన్నెముక స్కాన్‌లో చిక్కగా, దిట్టంగా కనిపిస్తుంది. రిపోర్టు చూస్తే ‘భేష్’ అనాలనిపిస్తుంది. మనిషి మాత్రం పక్కకు చూడాలంటే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతాడు. దీన్ని పట్టుకోవడానికి యంత్రమే అక్కర్లేదు. గడ్డం ఎదకు ఆనించమనాలి, రెండు చేతులూ తల వెనక్కి పెట్టమనాలి, కింద పడ్డ రూపాయి బిళ్లను మోకాళ్లు వంచకుండా తీయమనాలి. ఆ బిళ్ల దగ్గర ఆగిపోయిన చేతిని ఒక్కసారి చూసిన విద్యార్థికి పాఠం మళ్లీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత నొప్పి గోలీల సంగతి అడగాలి. ఒంట్లోంచి ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది ప్రధానంగా మూత్రపిండాలు. ఏళ్ల తరబడి మింగిన నొప్పి గోలీలు దెబ్బతీయగలిగేదీ వాటినే.

పాలమూరు (మహబూబ్‌నగర్) కథ వేరు. అక్కడ వేసవే అసలు సమయం. గుంపు మేస్త్రీ వెంట కొడుకూ కోడలూ పుణెకో ముంబైకో పోయి, తొలకరి దాకా రాని ఇళ్లు ఇంకా ఉన్నాయి. సాగునీరు వచ్చిన చోట వలస తగ్గింది, అన్నిచోట్లా కాదు. అవ్వ, తాత, ఇద్దరు మనుమలు. ఎవరు ఎవరిని సాకుతున్నారో వారం రోజులు ఆ ఇంటికి పోయివస్తేనే తెలుస్తుంది. 2017-18లో దేశమంతటా 72 వేల మందికి పైగా అడిగి, వయసు మీరడం మీద చేసిన లాసి సర్వే తెలంగాణ మొత్తానికి ఒక బొమ్మ గీసింది. కోస్గిలో తాళం వేసిన గది పక్కన పొయ్యి రాజేసే తాత ఆ బొమ్మలో దొరకడు.

రెండు నెలల్లో ఏం తేలుతుందని గైడ్లు అంటారు. ఒక్క వేసవిలో ఏమీ తేలదు, నిజమే. అందుకే ఊరు మారకూడదు, విద్యార్థి మారాలి. హైదరాబాద్‌కు దక్షిణాన 29 ఊళ్లలో 1987-90 మధ్య జరిగిన పోషకాహార ప్రయోగంలోని పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను పోషకాహార సంస్థ దశాబ్దాల తర్వాత వెతికి మరీ పరీక్షించింది. అది మనకు కూతవేటు దూరం.

నల్లగొండ జనానికి కొలతలు కొత్త కాదు. నాగపూర్ నీరి సంస్థ పటిక, సున్నంతో నీళ్లు శుద్ధి చేసే పద్ధతికి ఈ ఊరి పేరే పెట్టింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో 480 మంది నిలబడి బ్యాలెట్‌ను పుస్తకం చేసిందీ ఈ నీళ్ల కోసమే. మూత్రం సీసాలు, రక్తం ట్యూబులు చాలానే పోయాయి. ‘‘మాకేం చెప్పిన్రు?’’ అని వాళ్లు అడిగితే సిగ్గుపడాల్సింది మనమే. రిపోర్టు ఢిల్లీలోని వైద్య పరిశోధన మండలికి పోయేముందు అదే అరుగు మీద చదివి వినిపించాలని కళాశాల నియమం పెట్టాలి.

ఇక వయసు. మొదటి బ్యాచ్ చేయాల్సిన పని ఊరి క్యాలెండర్ తయారీ. పోలీస్ యాక్షన్ 1948. నాగార్జునసాగర్‌కు పునాది రాయి 1955 డిసెంబర్. కాలువలకు నీళ్లు 1967 ఆగస్టు. ‘‘సాగర్ నీళ్లిడిసిన ఏడు నా లగ్గం, పదమూడేండ్లు నాకు’’ అన్న అవ్వ 1954లో పుట్టినట్టు. కార్డులో 1948 ఉండొచ్చు. ఆసరా పింఛన్‌కు వయసు 65 ఉన్న రోజుల్లో (57 ఏళ్లవాళ్లకు ఇవ్వడం మొదలైంది 2022లో) ఆ ఆరేళ్లే ఆమెకు బియ్యం, గోలీలు కొనిపెట్టి ఉంటాయి. ఎథిక్స్ కమిటీ విద్యార్థి చేత అన్నిటికన్నా ముందు రాయించుకోవాల్సిన హామీ ఒకటుంది: అసలు వయసు రాసుకున్న ఈ నోటుబుక్కు మండలాఫీసుకు పోదు.