“ఆఫుల్లీ” యను మాట

ఆంగ్లభాషలో “ఆఫుల్లీ” యను మాట యొకటి గలదు. “మిక్కిలి” యని దాని వాడుక యర్థము. “ఆఫుల్లీ గుడ్” అనిన మిక్కిలి మంచిదనియు, “ఆఫుల్లీ సారీ” అనిన మిక్కిలి విచారించుచున్నాననియు భావము. కథల పుస్తకములలో దీనిని చూచి మన విద్యార్థులు కొందఱు వ్యాసములలోను లేఖలలోను గూడ ప్రయోగించుచున్నారు. ఇది యుక్తమా యని విచారింతము.

దీనికి మూలము “ఆ” యను చిన్నపదము. భయభక్తులు రెండును కలసిన భావమును అది తెలుపును. జాన్సన్ పండితుడు 1755లో ప్రకటించిన నిఘంటువునందు “ఆఫుల్” అనగా భయభక్తులు పుట్టించునది యనియే వివరించెను. 1816 నాటికి అమెరికాలోని న్యూ ఇంగ్లండు ప్రజలు రుచింపని మందును గూడ “ఆఫుల్” అనుచుండిరని జాన్ పికరింగు తన పదకోశమున వ్రాసెను. పిమ్మట భయమును పోయి, భక్తియును పోయి, “ఆఫుల్లీ” యందు “మిక్కిలి” యనునదే మిగిలెను.

అర్థము మారుట దోషమని మేము చెప్పము. నేడెల్లరును వాడు “వెరీ” యను మాటకు మూలార్థము “నిజమైన” యని. అది నేడు గ్రంథభాషయందును చెల్లుచున్నది. “ఆఫుల్లీ” కట్టి గౌరవము నేటికిని లభింపలేదు. నిఘంటువులు దానిని స్నేహితుల సంభాషణకు తగినదిగానే గుర్తించుచున్నవి. కావున ఆటస్థలమున దానిని పలికిన మాకు అభ్యంతరము లేదు. పరీక్షాపత్రమునందును, అధికారులకు వ్రాయు లేఖయందును తగదు. మఱియు నొక చిక్కు గలదు: “ఆఫుల్లీ గుడ్ టీచర్” అనిన పొగడ్త, “ఆఫుల్ టీచర్” అనిన తిట్టు!

ఇంతకంటె ముఖ్యమైన సంగతి వేఱొకటి. క్రికెట్టాటలో ఓడిపోవుటను “భయంకరము” అనువాడు, 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనిన యుప్పెనను ఏమనును? పెద్దమాటలను చిన్నవిషయములకు వెచ్చించినవానికి, నిజమైన దుఃఖము వచ్చినపుడు నోట మాట మిగులదు. ఇది ఆంగ్లమునకే గాక తెలుగునకును వర్తించును.

మఱి యేమి చేయవలెను? “ఎండ మిక్కిలి యెక్కువ” యని వ్రాయుటకు మాఱుగా, “తారురోడ్డుపై వట్టికాళ్లతో నిలువలేకపోతిమి” అని వ్రాయుడు. చదువరికి ఎండ తానే తెలియును. చూచినదానిని చూచినట్లు చెప్పువానికి “మిక్కిలి” తో మిక్కిలి పనియుండదు.