తాతా, ఈ మాటంటే ఏంది?

మిల్లు డ్యూటీ అయిపోయి నాలుగేళ్లయినా నాకు రాత్రి డ్యూటీ ఒకటి మిగిలింది. అన్నాలు తిన్నాక ఆరేళ్ల మనుమరాలికి కథ చదవాలి. మా షోలాపూర్‌లో బడి మరాఠీ, బజార్ల కన్నడం, ఉర్దూ కూడా చెవిన పడతయి. తెలుగు మాత్రం గడప లోపలిదే. నాకు అక్షరాలు మా నాయన నేర్పిండు, మొదటి పాళీ దిగొచ్చి పలక మీద దిద్దించి. అందుకే ఇప్పటికీ వేలు పెట్టి, మెల్లగా చదువుతాను.

పిల్ల ఊరుకోదు. నాలుగు మాటలకోసారి "అంటే ఏంది తాతా?" మొదట్లో విసుక్కున్నాను. "ముందు ఇను" అన్నాను. రెండు రోజులకు అడగడం మానేసింది. వినడం కూడా మానేసి గోడమీద బల్లిని చూస్తూ పడుకుంది. అప్పుడు భయమేసింది నాకు.

ఇప్పుడు ఆగి చెప్తున్నా. ఒక సాలెవాని కథలో పడుగు, పేక వచ్చినయి. నోటితో చెప్తే ఏం తెలుస్తది? కప్పుకున్న చద్దరే చూపించిన. అంచుకు కుచ్చులు వేలాడుతయి చూడు, అవి పడుగు కొసలు. వాటి మధ్య అడ్డంగ నాడె తిరిగి వేసింది పేక. మర్నాడు ఇంట్ల ఉన్న తువ్వాళ్లన్నిటి కుచ్చులు లెక్కబెట్టి మా ఇంటిదానితో తిట్లు తిన్నది. ఇంకోసారి 'గవాక్షం' వచ్చింది. నాకే తెల్వదు, ఆ మాటే అన్నాను. రాజుగారి బిడ్డ అందులోంచి తోట చూస్తోంది కాబట్టి కిటికీ అయ్యుంటదని ఇద్దరం తేల్చుకున్నాం. తెల్వదంటే తాత విలువ ఏమీ తగ్గలేదు.

కానీ ఒక మాట నేను దాచిపెట్టిన. కోడలిని అడిగే ఇది రాస్తున్నా. పిల్లను కన్నతల్లి దానికి ఏడాది నిండకముందే పోయింది. గోడమీది ఫోటో దానికి 'ఫోటో అమ్మ'. ఇప్పుడున్న కోడలే పెంచింది, దాన్నే అమ్మ అంటది. మా పుస్తకంలో ఒక కథ ఉంది, అందులో 'సవతి తల్లి' పిల్లకు అన్నం పెట్టదు, అడవికి కట్టెలకు తోలుతది. అక్కడికి రాగానే నేను "ఒక ఆమె" అని చదివేసేవాణ్ణి. మూడు రాత్రులు నడిచింది. నాలుగో రాత్రి పిల్ల నా వేలు పట్టుకుంది.

"తాతా, 'ఒక ఆమె' గింత పొడుగుంటదా? నువ్వు అబద్ధం చదువుతున్నవ్."

అక్షరాలు రావు దానికి, కానీ నా వేలు ఎంత దూరం జరుగుతుందో చూస్తున్నది! గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తున్న కోడలి చేతులు ఆగినయి. ఇక దాచలేక చదివిన, సవతి తల్లి అని.

"ఓ, సావత్ర ఆయీనా?" అన్నది పిల్ల. బడిలో టీచర్ ఎప్పుడో మరాఠీ కథ చెప్పిందట.

నేను మూడు రాత్రులు తెలుగులో దాచిన మాట దానికి మరాఠీలో ముందే తెలుసు. మా చిన్నప్పుడు మా ఇంట్ల చందమామ, పక్కింట్ల అదే పుస్తకం మరాఠీలో చాందోబా. అట్లాంటి చాళ్‌లో పెరిగినవాడికి ఈ సంగతి తట్టకపోవడం ఏమిటో!

పిల్ల ఫోటో దిక్కు చూసింది, కోడలి దిక్కు చూసింది. "మా అమ్మ కూడా సావత్రనా?" నాకు నోరు పెగల్లేదు. కోడలు చాట పక్కన పెట్టింది.

"అవును బిడ్డా. ఫోటో అమ్మ పోయినంక నేనొచ్చిన."

"మరి ఈమె అన్నం ఎందుకు పెట్టదు?"

"ఈమె మంచిది కాదు. గంతే."

పిల్ల కాసేపు ఆలోచించింది. లేచి పోయి దాని పక్కన, తునికాకు కట్ట మీద దాదాపు కూర్చోబోతే కోడలు కసిరింది. నన్ను పిలిచింది.

"ఈడికొచ్చి చదువు తాతా. అమ్మకు కూడా ఇనపడాలె."

పుస్తకం పట్టుకుని గడప దగ్గరికి పోయిన. ఆ కథ అయ్యేసరికి పదిన్నర దాటింది. కోడలికి ఆ రాత్రి రెండు కట్టల బీడీలు తక్కువైనయి.