లోతుజీవులకు చిన్న పాత్రయే మేలు

సముద్రగర్భమునుండియు భూగర్భశిలలనుండియు తీసిన సూక్ష్మజీవులను మన గాలిలోనికి తెచ్చి పరీక్షించి, వాని స్వభావ మిట్టిదని నిర్ణయించుట న్యాయము కాదని నా యభిప్రాయము. చేపను గట్టుమీద వేసి దాని యీతను వర్ణించినట్లుండును.

1843లో ఎడ్వర్డు ఫోర్బ్సు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు సముద్రమున సుమారు 300 బారలకు దిగువ ప్రాణి యుండదని తలచెను. ఆ తలంపు నిలువలేదు. నీటిలో ప్రతి 10 మీటర్లకును దాదాపొక వాతావరణపు పీడన మధికమగును. మేరియానా అగాధపు టడుగున నది 1,000 వాతావరణములను మించును. ఆ యగాధమునుండి తెచ్చిన యొక సూక్ష్మజీవిని గూర్చి యయానోసు అను అమెరికా శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 1981లో ప్రకటించిరి. మనకు హాయియైన పీడనమున నది పెరుగనే పెరుగదు!

ఇట్టివానిని ఉక్కుపాత్రలలో బంధించి పెంచుట వాడుక. అయితే లోపల నేమి జరుగుచున్నదో చూచుటకు సామాన్యముగా పీడనమును విడువవలసి వచ్చును. విడిచినతోడనే ప్రశ్నయే మారిపోవును.

ఇటీవల ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమందలి పరిశోధకులు సిలికాను పలకపై వెండ్రుకవంటి సన్నని కాలువలు చెక్కి, పైన గాజుపలక నతికి, అధికపీడనమున ద్రవములను పారించుచున్నారు. గాజు పగులదా యని విద్యార్థు లడుగుదురు. నల్లబల్లపై లెక్క వేసి చూడుడు. 100 వాతావరణములనగా చదరపు సెంటీమీటరుపై సుమారు 100 కిలోగ్రాముల బరువు. ప్రక్కకు 10 సెంటీమీటర్లున్న చదరపు గాజుకిటికీపై నది 10,000 కిలోగ్రాములగును. 1 సెంటీమీటరు పొడవును, 0.1 మిల్లీమీటరు వెడల్పును గల కాలువపైనో, కేవల మొక్క కిలోగ్రామే. పీడన మదియే, తాకెడి స్థలము మాత్రము స్వల్పము. పగిలినను చిందునది చుక్కయే గాన ప్రాణభయము లేదు. ఆ పలకను సూక్ష్మదర్శిని క్రింద నుంచి, పీడనము విడువకయే జీవుల పెరుగుదలను కనులార చూడవచ్చును.

ఇది వట్టి వేడుక కాదు. నార్వేవారు 1996 మొదలు స్లీప్నరు క్షేత్రమున ఉత్తరసముద్రపు టడుగు శిలలలోనికి బొగ్గుపులుసు వాయువును పంపనారంభించిరి. అనేక సంవత్సరములు ఏటేట పది లక్షల టన్నులకు దగ్గరగా పంపిరి. శిలలలో నిట్లు దాచిన వాయువు అచటి జీవులవలన మీథేనుగా మారునా, రాతిరంధ్రములు పూడిపోవునా యనునది పైకితెచ్చిన బురదనుబట్టి మాత్రమే చెప్పదగినది కాదు. కావున ఇట్టి పలకలకై వెచ్చించు ధనము వ్యర్థమనువారితో నే నేకీభవింపను.

అయినను వీనిని పొగడువారును కొంచెము నిదానింపవలెను. నున్నని కాలువ గరుకైన శిల కానేరదు. భూగర్భజీవులలో పెక్కులు మిక్కిలి మెల్లగా పెరుగును. ఒక్కటి రెండగుటకే యేండ్లు పట్టునవి కలవని చెప్పుదురు. వారము దినముల పరీక్షలో చురుకుగా పెరిగి కనిపించినవి, లోతున నిజముగా ఎక్కువగా నున్నవే యని యెట్లు చెప్పగలము? ఆ చిన్న పలకను నెలల తరబడి పీడనము సడలకుండ నిలుపుటయే యిప్పు డసలు పని.