డీజే బిల్లులో పాట ఎక్కడ?

పెళ్లి పద్దు రాయడం మన ఆడవాళ్ల పని. డబ్బు తీసిచ్చేది మగవాళ్లే అయినా, ఎవరికెంత ఇచ్చాం, ఎవరికింకా బాకీ ఉన్నాం అన్న లెక్క మన నోటుపుస్తకంలోనే ఉంటుంది. మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లి పద్దు నేనే రాశాను. డీజే కింద నాలుగు లైన్లు పడ్డాయి. బాక్సులకీ లైట్లకీ అద్దె, బండి కిరాయి, జనరేటర్‌లో డీజిల్, కుర్రాళ్ల భోజనాలు. ఊరేగింపు మూడు గంటలు నడిచింది. ఆ మూడు గంటలూ మనం విన్నది పాటల్ని. పాట అన్న లైను మాత్రం ఆ పద్దులో ఎక్కడా లేదు. (చెవులూ గుండెలూ అదిరిపోయిన సంగతి ఇంకోరోజు మాట్లాడుకుందాం.)

నా మటుకు నాకు డీజే పాటకి డబ్బు కట్టాలనే అనిపిస్తుంది. కట్టాల్సింది పెళ్లికూతురి తండ్రి కాదు, డీజేనే.

ఈ మాట ఎత్తగానే "పెళ్లిలో పాట పెడితే కేసు పెడతారా ఏవిటి?" అని కంగారుపడేవాళ్లుంటారు కాబట్టి ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. పెట్టరండీ. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లో మతపరమైన వేడుకలకి మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన మిగతా సరదాలు కూడా అందులోకే వస్తాయని అక్కడే రాశారు. పెళ్లిళ్ల దగ్గర రాయల్టీ అడగొద్దని 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం మళ్లీ ఒక ప్రకటన ఇచ్చింది. తర్వాత గోవా ప్రభుత్వం కూడా అలాంటి సర్క్యులరే ఇస్తే, చట్టంలో ఉన్నదాన్ని సర్క్యులరుతో సాగదీయకూడదని 2024 ఆగస్టులో బొంబాయి హైకోర్టు గోవా బెంచి దాన్ని కొట్టేసింది. మినహాయింపు అలాగే ఉంది. ఎంతవరకూ పెళ్లి వేడుక, ఎక్కడ్నించి హోటల్ వ్యాపారం అన్న తగువే తెగలేదు.

ఆ మినహాయింపు మంచిదేనని నా అభిప్రాయం. కూతురి పెళ్లి చేసి అప్పులో ఉన్న మనిషి దగ్గరికి పాట పేరు చెప్పి రసీదు పుస్తకం పట్టుకుని ఎవరూ రాకూడదు. కానీ అది పాట వినిపించుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు. దొంగ సైటులోంచి పాట దింపుకోవడానికి కాదు. ఇంకొకరి పాటని కోసి, కింద కొత్త బీటు అతికించి, మధ్యమధ్యలో తన పేరు అరిపించి యూట్యూబులో పెట్టుకోవడానికి అసలే కాదు. దిండి వైపు రిసార్టులో డిసెంబరు 31 రాత్రి పార్టీకీ, బట్టల షాపు ఓపెనింగుకీ, ఎన్నికల ర్యాలీకీ పెళ్లి మినహాయింపు వర్తించదు కదా. డీజే బండి మాత్రం అన్నిచోట్లకీ అదే, పెన్‌డ్రైవూ అదే.

మన ఊరి పేరుతోనే మొదలయ్యే పాట ఒకటుంది, 2004లో వచ్చిన 'ఆర్య' సినిమాలోది. కోనసీమలో అది వేయని డీజేని నేను చూళ్లేదు. బాణీ దేవిశ్రీప్రసాద్‌ది, మాటలు వేటూరి గారివి. వేటూరి గారు 2010లో వెళ్లిపోయారు. మన దేశంలో రాసినవాళ్లు పోయాక కూడా అరవై ఏళ్లు హక్కు నిలుస్తుంది. అంటే 2070 దాకా ఆ మాటలకి ఒక యజమాని ఉన్నట్టే. అయినా పాట అనేసరికి కాలవలో నీళ్లలా ఎవరిదీ కాదనుకుంటాం. కాలవ నీళ్లకైనా నీటితీరువా కట్టినవాళ్లమే మనం!

సినిమా పాటంటే కోట్లు సంపాదించుకున్న కంపెనీలు కదా, మన రూపాయి వాళ్లకెందుకు అంటారు కొందరు. ఆ మాటలో కొంత న్యాయం ఉంది. ఒకే పాటలో రెండు వాటాలుంటాయి. రాసినవాళ్లదీ బాణీ కట్టినవాళ్లదీ ఒకటి, రికార్డు కంపెనీది ఇంకొకటి. కంపెనీల తరఫున వసూలు చేసే పీపీఎల్ 1941 నుంచీ ఉంది. రచయితలూ సంగీత దర్శకుల వైపు చూసే ఐపీఆర్ఎస్ 1969లో వచ్చింది. వచ్చినా చాలాకాలం సినిమా కవులకి ఒరిగింది తక్కువే, 1977లో సుప్రీంకోర్టు కూడా నిర్మాతలవైపే తీర్పు చెప్పింది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా పట్టుబట్టాక 2012లో చట్టం మారింది. ఇప్పుడు పాట రాసినవాళ్ల దగ్గర రాయల్టీ వాటా వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదు. కాబట్టి కట్టిన రూపాయంతా కంపెనీకే పోతుందన్నది పాత మాట.

సరే, పెద్దవాళ్ల సంగతి వదిలేద్దాం. నన్ను ఈ పోస్టు రాయించింది ఒక చిన్నవాడి సంగతి.

కొత్తపేట వైపు నాకొక స్నేహితురాలుంది. వాళ్లబ్బాయి డిగ్రీ చదువుతూ లాప్‌టాప్‌లో బీట్లు తయారు చేస్తాడు. మన డప్పు దరువునీ గరగల చప్పుడునీ ఫోన్లో రికార్డు చేసుకొచ్చి, వాటి కింద ఆ ఎలక్ట్రానిక్ మోతలేవో కలుపుతాడు. నాకు అంత తెలీదు గానీ వింటే కాలు ఆగదు. ఆ లాప్‌టాప్ కోసం వాళ్లమ్మ రెండు పేటల గొలుసు తాకట్టు పెట్టింది, వడ్డీ ఇంకా కడుతూనే ఉంది. పోయిన మాఘమాసంలో వాళ్ల వీధిలోనే ఊరేగింపు వెళుతుంటే ఆ అబ్బాయి చేసిన ట్రాకే మోగింది. తల్లి గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి నిలబడింది. పది సెకన్లకోసారి ఆ డీజే పేరు అరుస్తోంది బాక్సు. వీళ్లబ్బాయి పేరు లేదు. మర్నాడు వెళ్లి అడిగితే ఆ డీజే కుర్రాడు, "నేను వెయ్యబట్టే కదా నలుగురికీ తెలిసింది, సంతోషించాలి గానీ" అన్నాట్ట.

"నిజంగానే సంతోషించాలా అక్కా?" అని అడిగింది నన్ను.

ఆ మాట మనం ఎక్కడో విన్నాం కదూ? "నీ వంట మా చుట్టాలందరికీ నచ్చింది, ఇంకేం కావాలి?" "ఇంట్లో కూర్చుని కుట్టేదే కదా, దానికి డబ్బులేంటి వదినా?" చేసిన పని కంటికి కనిపించకపోతే అది ఊరికే వచ్చిందనుకుంటారు. బాక్సు కనిపిస్తుంది, జనరేటర్ కనిపిస్తుంది, వాటికి అద్దె ఇస్తాం. పాట కనిపించదు, మన ఇంటిపనిలాగే.

పక్కనే ఉన్న ఆత్రేయపురం చూడండి. కుండ మీద పల్చటి రేకు తీసేది ఆడవాళ్లు, సెగ దగ్గర గంటలకొద్దీ కూర్చుని. అట్టపెట్టె మీద ఉండేది షాపు పేరు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం మెచ్చుకున్నాం, ఇక ఎక్కడెక్కడో చేసినవాటికి మన ఊరి పేరు తగిలించి అమ్మలేరని. రేకు తీసే మనిషి కూలి దాంతో పెరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న. కానీ పేరు దొంగిలించడం తప్పని మాత్రం ఒప్పుకున్నాం. పూతరేకుకి ఒప్పుకున్న న్యాయం పాటకి ఎందుకు చేదవుతుందో నాకర్థం కాదు.

మా వారు అడ్డం వేసిన ప్రశ్న కూడా చెప్పాలి. "మరి మన బ్యాండుమేళం వాళ్లు సినిమా పాటలు వాయించలేదా? వాళ్లెవరికి కట్టారు?" నిజమే, కట్టలేదు. 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' సినిమా వచ్చాక ఆ మేళాల వాళ్ల బతుకు గురించి నలుగురూ మాట్లాడుకున్నారు గానీ, అప్పటికే సగం పెళ్లిళ్లలో వాళ్ల చోటు డీజే తీసేసుకుంది. క్లారినెట్ ఊదినవాడు తన ఊపిరి పెట్టాడు. ఆ పాటని తన చేత్తో మళ్లీ పుట్టించాడు. పెన్‌డ్రైవు గుచ్చినవాడు వేరేవాళ్ల చెమటనే మళ్లీ వినిపిస్తున్నాడు. రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను.

డీజే పనిలో నేర్పు లేదని మాత్రం అనను. ఏ పాట తర్వాత ఏది వెయ్యాలో, ముసలమ్మలు కూడా లేచి అడుగు వేసేలా ఎప్పుడు దరువు మార్చాలో తెలిసినవాడే డీజే. వాళ్లలో చాలామంది లేనింటి పిల్లలే. బాక్సులకి ఫైనాన్సు వాయిదాలుంటాయి. మూఢం వస్తే, ఆషాఢం వస్తే బండి షెడ్డులోనే. ఆ కుర్రాళ్ల మీద నోటీసుల మీద నోటీసులు పడాలని నాకేం లేదు. కానీ వడ్డించే నేర్పుకి డబ్బు తీసుకుని, వండినవాళ్లకి ఏమీ ఇవ్వకపోవడం ఎలా కుదురుతుంది?

2017లో ఇళయరాజా గారు బాలు గారికి నోటీసు పంపినప్పుడు మన ఇళ్లలో ఎంత గొడవ! బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తున్నారప్పుడు. తాను పాడిన పాట తాను పాడుకోకూడదా అని మనమంతా బాలు గారివైపే నిలబడ్డాం. ఈ చట్టాల సంగతి తనకి తెలియదనీ, చట్టమే అలా ఉంటే పాటిస్తాననీ ఆయన నిదానంగా చెప్పారు. స్నేహితుల మధ్య లాయరు నోటీసు రావడం నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయినా టికెట్టు పెట్టి అమ్మిన కచేరీలో బాణీ కట్టినవాళ్లకి వాటా ఉండాలన్న ప్రశ్న తప్పు కాదు.

బయటి దేశాల డీజేల కథ ఒకటి మాత్రం నన్ను బాగా కదిలించింది. 1969లో అమెరికాలో ది విన్‌స్టన్స్ అనే బృందం చేసిన పాటలో ఆరేడు సెకన్ల డ్రమ్ముల దరువు ఉంది. తర్వాత ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవాళ్లు ఆ ముక్కని కత్తిరించుకుని వేలాది ట్రాకుల్లో వాడుకున్నారు. దాన్ని వాయించిన గ్రెగరీ కోల్‌మన్‌కి పైసా రాలేదు, పేదరికంలోనే 2006లో పోయాడు. 2015లో ఆ సంగీతం మీద బతికిన డీజేలూ అభిమానులూ చందాలు వేసుకుని, బృందం పెద్ద రిచర్డ్ స్పెన్సర్‌కి 24,000 పౌండ్లు ఇచ్చారు. అప్పటికి కోల్‌మన్ లేడు. అడిగేవాళ్లు లేకపోయినా డీజేలకే అనిపించిందన్నమాట, ఇచ్చుకోవాలని. ఇవాళ బీట్‌పోర్ట్ లాంటి చోట డీజేలు ఒక్కో ట్రాకూ కొనుక్కునే వాడుకుంటున్నారు కూడా.

నిజంగా చిక్కైనది జానపదం. నాట్లు వేస్తూ మన అమ్మమ్మలు పాడిన పాటకి డీజే బీటు కలిపితే డబ్బు ఎవరికివ్వాలి? 2021లో 'సారంగ దరియా' విషయంలో, ఆ పాటని వెలుగులోకి తెచ్చింది తానేనని ఒక జానపద గాయని ముందుకొచ్చినప్పుడు ఇదే తగువు. చివరికి పేరూ పారితోషికమూ ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల ఒప్పుకున్నారు. పొలంలో పాడిన అసలు ఆడవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలీవు. దీనికి నా దగ్గర జవాబు లేదు. కనీసం ఇది ఫలానా చోట పాడుకునే పాట అని ఒక్క మాట చెబితే బాగుంటుంది, డీజే పేరు అరిచే చోట.

మిగతావాటికి దారి ఉంది. పెళ్లి ఊరేగింపుని అలా వదిలేసి, డబ్బు కోసం చేసే పార్టీలకీ ర్యాలీలకీ డీజే ఏడాదికోసారి కట్టేలా చిన్న మొత్తం పెట్టాలి. ఇప్పుడున్న లైసెన్సు వ్యవహారం పెద్ద హోటళ్ల కోసం చేసినట్టుంది, రాజోలులో రెండు బాక్సులతో బతికేవాడికి అది ఎక్కడ మొదలెట్టాలో కూడా తెలీదు. సినిమా పాటైనా, కుర్రాళ్ల ట్రాకైనా కొనుక్కునో అడుక్కునో వాడాలి. అడిగితే పక్క ఊరి పిల్లాడు వందో రెండువందలో చెబుతాడు, లేదా పేరు చెబితే చాలంటాడు. అరుపు ట్యాగులు తీసెయ్యడానికైతే పైసా ఖర్చు లేదు.

సంగీత్‌కీ హల్దీకీ డీజేని మాట్లాడేది ఎక్కువగా మనమే కదా. మా తోటికోడలు వాళ్లబ్బాయి పెళ్లికి బేరం మాట్లాడుతున్నప్పుడు, "ఈ పాటలు ఎక్కడ్నించి తెస్తావు బాబూ?" అని అడిగాను. ఆ కుర్రాడు ఒక్క నిమిషం తెల్లమొహం వేశాడు. "ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదండి పిన్నిగారూ" అన్నాడు. కొత్తపేట అబ్బాయి ఫోన్ నంబరు ఇచ్చాను. అతని ట్రాకులు రెండు డబ్బు ఇచ్చే తీసుకోవాలనీ, ఆ డబ్బు బిల్లులో వేరే లైనుగా రాయాలనీ చెప్పాను. మా తోటికోడలు నావైపు అదోలా చూసింది గానీ, అడ్వాన్సు మాత్రం ఇచ్చేసింది.