నూలు చుట్టిన వేళకు వెల యేది?

మేము చెప్పవలసినవి ఎరువులు, మామిడి తోటల తెగుళ్ళు. నూలును గూర్చి మాకేమి పని యని కొందరు సభ్యులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. అయినను మొన్న మామిడి కోతలు ముగిసిన పిదప జి. కొండూరులో ఒక సభ్యుని యింట చూచిన సంగతి మా మనస్సును విడువకున్నది. ఆ యింటి యిల్లాలు లేసు అల్లుటకు నూలు ఉండ చుట్టుచుండెను. ఎదుట పదేండ్ల పిల్ల రెండు చేతులును చాచి చిలపను పట్టుకొని కూర్చుండెను. చిక్కు పడినప్పుడెల్ల ఇద్దరి పనియు నిలిచిపోయెడిది. మేము తోట ఖర్చుల లెక్క వ్రాసికొని లేచునప్పటికిని ఆ చిలప ముగియలేదు. మా లెక్కలో కోతకూలి, బండి కిరాయి, మందులు, బుట్టలు అన్నియు నున్నవి. ఆ తల్లీబిడ్డల వేళ మాత్రము లేదు. వ్రాసినవారము మేమే గనుక తప్పును మరియొకరిపై వేయజాలము.

సూది పట్టినది మొదలే లేసు పని యని లోకము తలచును. అంతకు ముందు చిలప విప్పి ఉండ చుట్టవలెను గదా. చిన్న నాడెతో ముడులు వేయు టాటింగు పనిలో ఈ బాధ మరింత హెచ్చు. ఆ నాడె అరచేతిలో ఇమిడిపోవును; దానిపై పట్టు నూలు కొంచెమే; అల్లిక ఊపందుకొనునప్పటికి అయిపోవును; మరల చుట్టవలెను. మేము చదివిన మిషను బడిలో ఆడపిల్లలు వరండాలో కూర్చుండి ఈ నాడెలు చుట్టుకొనుచుండగా మేము ఆటకు పరుగెత్తుచు నవ్వెడివారము. ఆ నవ్వు ఇప్పుడు మాకు రుచించుట లేదు.

ఈ శ్రమ తగ్గించు పనిముట్లు గొప్పవేమియు కావు. నిలువు కడ్డీపై తిరుగు నాలుగు చేతుల చట్రమునకు చిలప తొడిగినచో నూలు లాగిన కొలదియు అదియే తిరుగును. పట్టుకొను మనిషి యక్కర లేదు. ఊరి వడ్రంగి చేయగలడు. చిలపలన్నియు ఒక్క కొలత కావు గనుక చేతులు ముందు వెనుకలకు జరుపు వీలుండవలెను. కండె ఊడదీయుటకు వీలైన నాడెలకు చేతిపిడి గల చిన్న చుట్టుడు మర కలదు. అయితే మర త్వరగా తిరుగుచున్నదని నాడె అంచు దాటి నూలు నింపరాదు. బయటికి వచ్చిన నూలు చేతి మురికికి మాసి, తెల్లని లేసు చెడును.

ఇది స్వల్ప విషయమనువారు చింతకింది మల్లేశం గారి వృత్తాంతము వినవలెను. వారిది ఆలేరు చేరువ శారాజీపేట. పోచంపల్లి పట్టుచీరకు రంగు అద్దుటకు ముందు ఆసు పోయవలెను. అనగా విసనకర్ర వలె నిలిపిన మేకుల చుట్టు దారమును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 మారులు ఆడవలెను. దినమునకు రెండు చీరలైనచో 18,000. తల్లి లక్ష్మి గారు భుజము నొప్పితో ఈ పని చేయుట చూడలేక వారు 1992లో పూనుకొని 1999లో ఆసు యంత్రమును నిలిపి, దానికి తల్లి పేరే పెట్టిరి. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. బిరుదు కంటె మాకు గొప్పగా తోచునది, ఒక కుమారుడు ఏడేండ్లపాటు తల్లి భుజము నొప్పిని లెక్కలోనికి తీసికొనుట.

ఇక్కడ ఒక చిక్కు కలదు. గంట మిగిలినచో ఆ గంట యెవరిది? నరసాపురము లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది, సంతోషము. కాని జర్మనీ దేశపు పండితురాలు మరియా మీస్ 1982లో ఆ లేసు స్త్రీలను గూర్చి ప్రకటించిన గ్రంథమున చూపినదేమన, విదేశపు బజారులకు పోవు సరకు చేయుచున్నను వారిని ఇంట కూర్చున్న గృహిణులుగానే యెంచిరని, వారి శ్రమను తీరిక వేళ పని యనిరని. తీరిక యని పేరు పెట్టినచో బేరమాడుట సులువు గదా! చట్రము వచ్చినంతనే “నీకు పని తేలికైనది” యని అల్లికకూలి తగ్గించువారు బయలుదేరుదురు. చిక్కము కట్టిన గెడతో కోసిన కాయ దెబ్బ తినక మంచి ధర పలికినప్పుడు, పని సులువైనదని కోతవాని కూలి తగ్గించుట మన తోటలో న్యాయమగునా?

కావున సభ్య సోదరులారా, మా అభిప్రాయమిది. చట్రములు సంఘమే కొని, మందు కొట్టు యంత్రము వలె ఇండ్లకు వంతున ఈయవలెను. ఆ వెలను అల్లువారిపై వేయరాదు. అల్లిక రేటు కట్టునప్పుడు చుట్టిన వేళను గూడ కలుపవలెను. పనిముట్టు వచ్చినదను కారణమున రేటు తగ్గించరాదని తీర్మానపు పుస్తకమున వ్రాయవలెను. డబ్బెక్కడిదని అడుగుదురు. బుట్టలకు ఏటేట దొరకు డబ్బు రెండు కర్ర చట్రములకు దొరకదా?

మేము రెండు మడులు ప్రక్కప్రక్కన వేసి చూపువారము గనుక ఇదియు అట్లే చూపెదము. రాబోవు సమావేశమునకు సభ్యులు తమ యింటి స్త్రీలను వెంటబెట్టుకొని రావలెను. ఒక చిలపను చట్రముతోను, మరియొక దానిని పాత పద్ధతినిని గడియారము ముందు పెట్టుకొని చుట్టింతము. పాత పద్ధతిలో చిలప పట్టుకొనుటకు ఈ మారు పిల్లలను పిలువము. అధ్యక్షుల వారినే చేతులు చాచి కూర్చుండ గోరెదము.