ఆటలో యుద్ధం – నియమాల ఔచిత్యం

యుద్ధం దుఃఖహేతువు, యుద్ధాన్ని అనుకరించే ఆట వినోదహేతువు. ఈ భేదానికి మూలం నియమం. ఆ నియమం యథార్థానికి ఎంత చేరువగా ఉండాలి, ఆడేవారికి ఎంత సులభంగా ఉండాలి అన్నది ఎడతెగని చర్చ. సౌలభ్యానికే అగ్రతాంబూలం ఇవ్వాలని, అయితే యథార్థాన్ని పూర్తిగా విడిచిపెట్టరాదని నా అభిప్రాయం.

తెలుగు పల్లెలకు చిరపరిచితమైన పులిజూదాన్నే పరిశీలిద్దాం. సుద్దతో గీసిన పటంలో 23 స్థానాలు. 3 పులులు, 15 మేకలు. ప్రక్కనున్న మేకమీదుగా ఆవలి ఖాళీ స్థానానికి పులి దూకితే ఆ మేక చచ్చినట్లే. ఆవలి స్థానంలో మరొక మేక ఉంటే పులి దూకలేదు. పులులను కదలనీయక కట్టడి చేస్తే మేకలదే గెలుపు. అడవిలో పులి తన వంతు కోసం వేచి ఉండదు. మేకలు పులిని ముట్టడించవు. అయినా ఈ ఆటలో గొప్ప సత్యముంది. బలం ఒకవైపు, సంఖ్య మరొకవైపు ఉన్నప్పుడు ఒంటరి నశిస్తుంది, వెన్నుదన్ను ఉన్నది నిలుస్తుంది. పులి గోళ్ళ వాడిని, మేక పరుగు వేగాన్ని లెక్కించే నియమాలను చేర్చితే ఈ సత్యమే మరుగున పడుతుంది.

పాశ్చాత్య దేశాల అనుభవమూ ఇట్టిదే. 1824లో రైస్విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడను ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణకు స్వీకరించింది. అందులో సైనికనష్టాన్ని పాచికలతోను, పట్టికలతోను నిర్ణయించేవారు. లెక్కల భారంతో ఆట మందగించగా, 1876లో వెర్డీ దు వెర్నోయి పట్టికలకు బదులు అనుభవజ్ఞుడైన మధ్యవర్తి నిర్ణయానికి ప్రాధాన్యమిచ్చాడు.

1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ పాత్రధారణతో కూడిన బల్లమీది ఆట. అందులో వీరుని ప్రాణశక్తిని అంకెలతో గణిస్తారు. ఆ అంకె ఒకటికి దిగజారినా అతడు మునుపటి బలంతోనే పోరాడగలడు. ఇది అసహజమని కొందరు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణ నిరాధారం కాదు. గాయానికి ఫలితం లేనిచోట సాహసానికి విలువ ఉండదు. కాని ప్రతి గాయానికి ఒక పట్టిక కల్పిస్తే, ఒక్క ద్వంద్వయుద్ధానికే సాయంకాలమంతా గడిచిపోతుంది. కనుక ఏ వివరం ఆటగాణ్ణి ఆలోచింపజేసి, ఒక నిర్ణయానికి పురికొల్పుతుందో దానిని నిలుపుకోవాలి, తక్కినవి విడిచిపెట్టాలి. అమ్ములపొదిలో ఎన్ని బాణాలు మిగిలాయన్నది అవసరం. ఒక్కొక్క బాణం బరువెంతన్నది అనవసరం.

మన ఆలంకారికులు ఈ సమస్యను ఏనాడో గుర్తించారు. భరతముని నాట్యశాస్త్రంలో లోకధర్మి, నాట్యధర్మి అని రెండు పద్ధతులు చెప్పాడు. లోకంలో ఉన్నట్లే చూపడం మొదటిది. రంగస్థల సంకేతాలతో సూచించడం రెండవది. రంగస్థలంపై రథం లేకపోయినా నటుని అభినయంలో ప్రేక్షకుడు రథాన్ని చూస్తాడు. ఆటకు నాట్యధర్మియే ప్రాణం. లోకధర్మి దానికి ఆధారం.

జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని పేరుతో ముడిపడిన గ్రామం. సంస్కృతాంధ్రాలలో పండితుడైన ఆ మహాకవి బసవపురాణానికి ద్విపదను ఎన్నుకున్నాడు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం; యతి, ప్రాస. ఇంత కొద్ది నియమాలతోనే ఎంతటి కథనైనా నడిపించవచ్చు, పదిమందీ కలిసి పాడుకోవచ్చు. నియమం తగ్గినంత మాత్రాన గాంభీర్యం తగ్గలేదు.

నియమాలు పెరిగినకొద్దీ ఆట వాటిని కంఠస్థం చేసినవారి సొత్తవుతుంది. కొత్తగా వచ్చినవాడు ప్రేక్షకుడై మిగిలిపోతాడు. అందరినీ చేర్చుకోలేని ఆట ఎంత యథార్థమైనా నిష్ప్రయోజనమే. నేటి యువతీయువకులు కొత్త ఆటలను కల్పించేటప్పుడు ఈ విషయాన్ని విస్మరించరాదు. ఒక్కసారి చెప్పగానే చిన్నపిల్లవాడు కూడా పావు కదపగలగాలి. ఎన్నిసార్లు ఆడినా పెద్దవాడికి ఆలోచించవలసినది మిగిలి ఉండాలి. ఈ రెండూ సాధించిన నియమమే ఉత్తమ నియమం.